రజాయి కింద రెండు ట్యూబాలు

మా సంఘంలో ఏ పనైనా ప్రార్థనతో మొదలై ఫైలుతో ముగుస్తుంది. ఢిల్లీలో తెలుగు సంఘం అంటే సగం మంది ఆసుపత్రుల్లో నర్సులు, మిగతా సగం కేంద్ర ప్రభుత్వంలో పనిచేస్తున్నవాళ్లు, లేకపోతే చేసి రిటైరైనవాళ్లు. నర్సులు ప్రార్థిస్తారు, ఆఫీసర్లు నోటింగు రాస్తారు. క్రిస్మస్ కేకులో జీడిపప్పు వెయ్యాలా అక్కర్లేదా అన్నదానికి కూడా మా దగ్గర మూడు పేజీల ఫైలు ఉంది. నవ్వులాటకు అనడం లేదు, నేను కళ్లారా చూశాను. చివరి పేజీలో ఆకుపచ్చ సిరాతో 'చర్చించవలెను' అని ఉంది. కేకు అప్పటికే తినేశాం.

అలాంటి సంఘానికి ఒక జనవరిలో రెండో ట్యూబా వచ్చింది.

ట్యూబా తెలియనివాళ్ల కోసం చెబుతాను. బ్యాండులో అన్నిటికన్నా పెద్ద ఇత్తడి వాద్యం అది. ఒళ్లో పెట్టుకుని ఊదాలి. పెట్టుకున్నాక వెనకాల మనిషి ఉన్నట్టు చేతులను బట్టే తెలుస్తుంది. పాటలో దాని పని పునాది పని. ఉన్నంతసేపూ ఎవరూ పట్టించుకోరు, ఆగిపోతే మాత్రం పాట మొత్తం కుంటుతుంది. మా సంఘపు బ్యాండులో రెండు ట్రంపెట్లు, ఒక ట్రాంబోన్, ఒక డ్రమ్ము, అందరికీ అడుగున నేను. పద్దెనిమిదేళ్లుగా ఆ కుర్చీ నాదే.

ఆ వాద్యం నాకు ఇంట్లోనే వచ్చింది, చదువు వచ్చినట్టే. మా నాన్న యూనిఫాం ఉద్యోగంలో బ్యాండు మనిషి. గోదావరి ఒడ్డునుంచి ఢిల్లీకి వచ్చి క్వార్టర్సులో కాపురం పెట్టాడు. చిన్నప్పుడు నాకు ఉబ్బసం. బడికి వెళ్లిన రోజులకన్నా మంచంమీద కూర్చుని గసపోసుకున్న రోజులు ఎక్కువై, చివరికి బడి మాన్పించారు. అక్షరాలు అమ్మ నేర్పింది, కీర్తనల పుస్తకంలోంచి. ఊపిరి నాన్న నేర్పాడు. డాక్టరు నాచేత రోజూ బెలూన్లు ఊదించమన్నాడట. 'బెలూన్లెందుకు సార్, ఇంట్లో ట్యూబా ఉంటే' అన్నాడట మా నాన్న. బ్యాండులో పాతబడిన వాద్యాలు వేలం వేస్తే అందులో కొన్నది అది. పదేళ్ల పిల్లకు అది ఒళ్లో పట్టదు కాబట్టి స్టూలు మీద నిలబెట్టి, నేను దాని పక్కన నిలబడి ఊదేదాన్ని. ఇప్పటికీ ఎవరైనా ఫారంలో 'విద్యార్హత' అని అడిగితే ఏం రాయాలో తోచదు. చదవగలను, ఊదగలను. రెండింటికీ దేవునికి స్తోత్రం.

రిటైరైన ఏడాది నాన్న ఆ ట్యూబాను సంఘానికి కృతజ్ఞతార్పణగా ఇచ్చేశాడు. 'కూతురి ఊపిరి దేవుడు నిలబెట్టాడు, ఊపిరి పోసిన వస్తువు ఆయనకే' అన్నాడు. అప్పట్నుంచి ట్యూబా సంఘానిది, ఊదేదాన్ని నేను. సంఘానికి సొంత గుడి లేదు. ఆదివారం మధ్యాహ్నం ఒక బడి హాలు అద్దెకు తీసుకుని ఆరాధన చేసుకుంటాం. అందుకని ట్యూబా మా డీడీఏ ఫ్లాటులోనే, నా మంచం పక్కనే ఉండేది. నాన్న పోయాక దాన్ని తుడుస్తూ ఆయనతో మాట్లాడటం అలవాటైంది. అర్పించినదాన్ని 'మాది' అనకూడదని తెలుసు. అనేదాన్ని కాదు, అనుకునేదాన్ని.

రెండో ట్యూబాను తెచ్చింది భీమవరం వైపునుంచి కొత్తగా వచ్చిన నర్సమ్మాయి. గురుగ్రామ్‌లో ఒక ఎత్తైన అపార్టుమెంటులో విదేశీ ముసలావిడ ఒకరికి సేవ చేసేది. ఆవిడ భర్త ఒకప్పుడు ట్యూబా ఊదేవాడట. ఇల్లు ఖాళీ చేసి వాళ్ల దేశం వెళ్లిపోతూ, ఈ పిల్ల తన ఊరి చర్చి బ్యాండులో బారిటోన్ ఊదేదని విని, ఆ ట్యూబాను చేతిలో పెట్టిందట. బారిటోన్ అంటే ట్యూబాకు చెల్లెలి వరస, చిన్నది. ఆవిడ అడిగింది ఒక్కటే: 'మీ ఆరాధనలో దీన్ని ఊదుతుంటే ఒక్క వీడియో తీసి పంపించు.'

ఆ పిల్ల దాన్ని మెట్రోలో తేబోయింది.

"సెక్యూరిటీవాడు ఆపేశాడండి ఆంటీ," అని చెప్పింది. "'మేడమ్, ఏ తోప్ లేకే కహా జా రహీ హో?' అంటాడేంటండి! ఫిరంగి కాదు భయ్యా, బాజా అన్నాను. 'బజాకే దిఖావో' అన్నాడు."

"ఊదావా?"

"ఊదానండి. ఒకే ఒక్క స్వరం. అక్కడ వాళ్ల కుక్క ఉంటది కదండి, అది గొలుసు తెంపుకున్నంత పని చేసింది. తర్వాత నన్ను చాలా మర్యాదగా బయటికి పంపేశారు."

చివరికి మా సంఘ కార్యదర్శి గారు కారు పంపారు. ట్యూబా వెనక సీట్లో సీటు బెల్టు పెట్టుకుని వచ్చింది.

రెండింటికీ తేడా ఏమిటంటే, నాన్నది పిస్టన్ ట్యూబా. బటన్ నొక్కితే లోపల ఒక కడ్డీ లిఫ్టులా కిందికి దిగి గాలిని వేరే గొట్టంలోకి మళ్లిస్తుంది. కొత్తది రోటరీ. మీట నొక్కితే లోపల చిన్న డబ్బా లాంటిది, మాల్ గుమ్మంలో గుండ్రంగా తిరిగే తలుపులా, గిరుక్కున తిరుగుతుంది. గాలికి రెండు దారులూ దారులే. వాయించేవాళ్లు మాత్రం ఏది గొప్పదన్నదాని మీద జీవితాంతం పోట్లాడుకోగలరు. నేను అన్ని పిస్టన్ల గురించీ, అన్ని రోటరీల గురించీ చెప్పగలిగినదాన్ని కాదు. నాకు తెలిసినవి ఈ రెండే.

ఆ ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరు గారు నిలబడి, "మనకు ఒకటి చాలు. ఫరీదాబాదులో మన చిన్న సహవాసానికి బేస్ వాద్యమే లేదు. రెంటిలో మెరుగైనది మనం ఉంచుకుని, రెండోది వాళ్లకు ప్రేమతో పంపిద్దామా?" అన్నారు.

అందరికన్నా ముందు నేనే 'ఆమేన్' అన్నాను. అది అలవాటు. అన్నాక అర్థమైంది, రెండోది ఏదై ఉండొచ్చో.

కార్యదర్శి గారు డైరీ తీశారు. ఈయన ఒక మంత్రిత్వశాఖలో అండర్ సెక్రటరీగా రిటైరయ్యారు. రిటైరైన సంగతి ఆయనకు ఇంకా పూర్తిగా తెలిసినట్టు లేదు.

"ఏది మెరుగు అన్నది ఎవరి అభిమానాన్ని బట్టీ కాదు సిస్టర్, మెరిట్‌ని బట్టి," అన్నారు నావైపు చూస్తూ. "రెండు అంశాలు. ఒకటి శ్రుతి. రెండు, మంద్రస్థాయిలో స్వరం ఎంత త్వరగా పలుకుతోంది. కంపారేటివ్ స్టేట్‌మెంట్ వేద్దాం."

"రెండూ ఒకసారి ఊది చూస్తే తెలిసిపోతుంది కదా అంకుల్."

"తెలియడం వేరమ్మా. రికార్డు మీదికి రావడం వేరు."

వచ్చే ఆదివారం పొద్దున్నే హాల్లో పరీక్ష. తాడు కట్టి రెండు దుప్పట్లు వేలాడదీస్తారు. వాటి వెనక నేను రెండు ట్యూబాలూ ఊదుతాను. ఏది ఏదో తెలియకుండా వాటికి 'ఎ', 'బి' అని పేర్లు. దుప్పట్లకు ఇవతల కార్యదర్శి గారు, పాస్టరు గారు కళ్లు మూసుకుని వింటారు. మా అమ్మాయి ఫోనులో శ్రుతి చూపించే ట్యూనర్ యాప్ పెట్టి సూది ఎటు వంగిందో రాసుకుంటుంది. మా అమ్మాయి ముఖర్జీ నగర్‌లో సివిల్స్ కోచింగుకు వెళుతోంది. తెలుగంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం హిందీలో వస్తుంది. కార్యదర్శి గారికి ఆ పిల్లంటే ఆశ: తన తరవాత ఫైళ్లు చూసుకుంటుందని.

చలికాలంలో ట్యూబాకు రజాయి కప్పడం మా ఇంటి ఆనవాయితీ. 'ఇత్తడీ మనిషి లాంటిదే, చలికి గొంతు దిగిపోతుంది' అనేవాడు నాన్న. పరీక్షకు ముందు రోజంతా రూమ్ హీటరు పక్కన పెట్టి, రజాయి చుట్టి, ఆదివారం పొద్దున ఆ రజాయితోనే ఈ-రిక్షాలో పడుకోబెట్టాను. పొగమంచులో ఎదురుగా వస్తున్న బండి కూడా కనబడటం లేదు. నేనూ మా అమ్మాయీ చెరోవైపు పట్టుకుని కూర్చున్నాం. రిక్షా అతను రెండుసార్లు వెనక్కి తిరిగి చూసి, గతుకుల దగ్గర నెమ్మదిగా పోనిస్తూ, "దీదీ, మాతాజీ కో క్యా హువా?" అని అడిగాడు.

"కుఛ్ నహీ భయ్యా, ఠండ్ లగీ హై," అంది మా అమ్మాయి. చలి చేసిందట!

హాలు దగ్గర దిగాక, మాతాజీ త్వరగా కోలుకోవాలని దణ్ణం పెట్టి వెళ్లాడు. ఆ దీవెన కూడా నేను లెక్కలో వేసుకున్నాను.

దుప్పటి వెనక కూర్చుని ప్రార్థన చేసుకున్నాను. 'ప్రభువా, నీ చిత్తమే జరుగును గాక. నీ చిత్తం నాన్న ట్యూబా అయితే బాగుండును.'

మొదట 'ఎ', నాన్నది. ఒక కీర్తన చరణం ఊది, మెట్టు మెట్టుగా అడుక్కి దిగాను. అడుగు స్వరాలు ఊదేటప్పుడు నా ముఖం కిందికి సాగుతుంది. కొత్తగా చూసినవాళ్లు నేను ఏడుస్తున్నాననుకుంటారు. ఒకసారి ఒకావిడ ఆరాధన మధ్యలో నా భుజం మీద చెయ్యి వేసి ఓదార్చింది కూడా. ఆ రోజు దుప్పటి అడ్డం ఉంది కాబట్టి ఎవరూ చూడలేదు. ట్యూబా మాత్రం పాలలో వెన్నలా పలికింది.

తరవాత 'బి'. కార్యదర్శి గారి కారులోంచి అప్పుడే దింపుకొచ్చారు. మూతి పెట్టగానే పళ్లు జివ్వుమన్నాయి. మీట నొక్కితే అది తీరిగ్గా తిరిగింది. మొదటి స్వరం బయటికి రావడానికి సర్కారీ ఫైలు ఒక బల్ల మీదినుంచి ఇంకో బల్ల మీదికి వెళ్లినంత సేపు పట్టింది. వచ్చినదైనా నిద్ర చాలని గొంతుతో, ఉండాల్సినదానికన్నా కిందే వచ్చింది. అడుక్కి దిగేకొద్దీ ఇంకా కిందికి జారింది. చివరి స్వరమైతే ఊదాను గాని, అది స్వరమో, బయట రోడ్డు మీద లారీయో నాకే తెలియలేదు.

కార్యదర్శి గారు కళ్లు తెరిచి, "'ఎ' రెండు అంశాల్లోనూ స్పష్టంగా మెరుగు," అని రాసేశారు.

నేను దుప్పటి వెనకనుంచి బయటికి వచ్చి, చేతులు జోడించి, అక్కడికక్కడే కృతజ్ఞతా ప్రార్థన చేశాను. చిన్నదేం కాదు. మధ్యాహ్నం ఆరాధనలో సాక్ష్యం కూడా చెప్పాను, దేవుడు మన చిన్న చిన్న కోరికలు కూడా ఎలా ఆలకిస్తాడో అని. ఆ నర్సమ్మాయి ముందు వరసలో కూర్చుని వింటోంది. అయ్యాక నా దగ్గరికొచ్చి, "ఫర్లేదండి ఆంటీ. ఫరీదాబాదులో ఊదినా దేవుడికి వినిపిస్తది కదండి. ఆవిడకి ఏదో ఒకటి చెప్తాను," అని నవ్వింది. ఆ నవ్వు నాకు నచ్చలేదు. అందులో కోపం లేదు మరి.

ఇంటికొచ్చి రజాయి మడతపెడుతుంటే మా అమ్మాయి గుమ్మం దగ్గర నిలబడి చూస్తోంది.

"మమ్మీ, ఆప్‌వాలా గరమ్ థా," అంది. "దీదీవాలా ఏక్‌దమ్ బరఫ్. మైనే హాథ్ లగాకే దేఖా థా."

"అయితే ఏమిటే?"

"అయితే క్యా? ఠండా పీతల్ ఫ్లాట్ బజ్‌తా హై. ఆప్ హీ నే బతాయా థా. నానాజీ వాలీ బాత్."

రజాయి నా చేతుల్లో అలాగే ఉండిపోయింది. నాది వెచ్చగా లేచి వచ్చింది. అది కారులో, ఆకాశం కింద, రాత్రంతా మంచులో నానింది. చల్లబడ్డ ఇత్తడి శ్రుతి దిగుతుంది, మీటల్లో నూనె గడ్డకడితే స్వరం ఆలస్యంగా పలుకుతుంది. నాన్న నాకు పదేళ్లప్పుడే చెప్పిన పాఠం. ఆ పాఠాన్ని సగం వాడుకున్నాను: నా ట్యూబాకు కప్పేదాకా.

"ఏ చీటింగ్ హై మమ్మీ," అంది మా అమ్మాయి, చాలా మెల్లిగా. రాబోయే ఆఫీసరు గొంతు అప్పుడే ఆ పిల్లలో వినబడింది.

నన్ను అన్నిటికన్నా ఇబ్బంది పెట్టింది ఓడిపోతానన్న భయం కాదు, చేసేసిన స్తోత్రం. పొరపాటున ఎక్కువ తీసుకుంటే తిరిగిచ్చెయ్యొచ్చు. పొరపాటున చెప్పిన కృతజ్ఞతను వెనక్కి తీసుకోవడానికి ఏ ప్రార్థన పుస్తకంలోనూ మాటల్లేవు. పైగా సాక్ష్యం! అరవై మంది విన్నారు. ఇద్దరు కళ్లు తుడుచుకున్నారు.

కార్యదర్శి గారికి ఫోను చేశాను.

"వందనాలు అంకుల్. ఆ పరీక్ష మళ్లీ పెట్టాలి."

"ఫైలు క్లోజ్ అయింది సిస్టర్."

"తెరవండి."

"తెరవాలంటే ఫ్రెష్ ఫ్యాక్ట్స్ ఉండాలమ్మా."

"ఉన్నాయి. నాది రజాయిలోంచి వచ్చింది. అది మంచులోంచి వచ్చింది. అందుకే అలా పలికింది."

ఫోనులో కలం మూత తీసిన చప్పుడు వినబడింది. "అంటే రెండో పార్టీకి సమాన అవకాశం ఇవ్వలేదన్నమాట."

"అన్నమాట."

"మంచులో పెట్టింది ఎవరు?"

"మీ కారేనండి."

కలం మూత మళ్లీ పెట్టిన చప్పుడు వినబడింది. "సరే, తెరుద్దాం. ఆ చివరి మాట నోటింగులో అక్కర్లేదు."

ఆ వారం రెండు ట్యూబాలూ మా మంచం మీదే ఉన్నాయి, ఒకే రజాయి కింద, పక్కపక్కన. మా ఆయన ఆసుపత్రిలో ఎక్స్‌రే టెక్నీషియన్. డ్యూటీనుంచి వచ్చి, మంచం చూసి, గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఒకదానితోనే పద్దెనిమిదేళ్లుగా సర్దుకుంటున్నాను. ఇప్పుడు కవలలా?"

"ఒక్క వారమేనండి."

"ఇంత తంటా ఎందుకు? ఇద్దర్నీ మా డిపార్టుమెంటుకు తీసుకురా. ఎక్స్‌రే తీసి ఎవరి ఊపిరితిత్తులు బాగున్నాయో చెప్పేస్తాను," అని దిండు పట్టుకుని దివాన్ మీదికి వెళ్లిపోయాడు.

ఇంత సహనం గల మనిషిని ఇచ్చినందుకు దేవునికి స్తోత్రం చెప్పుకున్నాను. ఈసారి తొందరపడలేదని నమ్మకం.

పొద్దున పనులయ్యాక రోటరీని ఊది చూసుకునేదాన్ని. వెచ్చబడ్డాక అది వేరే మనిషైపోయింది. మీట మీద వేలు పెడితే చాలు, స్వరం అక్కడే కాచుకుని ఉన్నట్టు వచ్చేది. ఒక స్వరంనుంచి ఇంకో స్వరానికి వెళుతుంటే అతుకు తెలిసేది కాదు. పలకడంలో అదే మెరుగని నా మనసుకు తెలిసిపోయింది. కాని అట్టడుగున మాత్రం అది ఇంకా శ్రుతి దిగుతూనే ఉంది. ట్యూనర్లో చూశాను, సూది ఎడమవైపే. పిస్టన్‌తో అదే స్వరం ఊదితే సూది నడిమధ్యన. సంతోషించాను, ఒప్పుకుంటున్నాను. 'నిజాయితీగా తప్పు ఒప్పుకున్నాను, రెంటికీ సమానంగా రజాయి కప్పాను, అయినా శ్రుతిలో నాన్నదే గెలుస్తోంది. దేవుడు ఎంత మంచివాడు!' అనుకున్నాను.

రెండో ఆదివారం హాల్లో మళ్లీ దుప్పట్లు కట్టారు. ఈసారి రెండు ట్యూబాలనూ మా ఆయన దగ్గరుండి టెంపోలో రజాయితో సహా తీసుకొచ్చాడు. కార్యదర్శి గారు కొత్త షరతు పెట్టారు.

"ఆపరేటరు కూడా ఇద్దరు ఉండాలి. ముందు సిస్టర్ ఊదుతారు. తరవాత నర్సమ్మాయి ఊదుతుంది. పక్షపాతం అన్న మాట రాకూడదు."

నేను ఊదాను. త్వరగా పలకడంలో 'బి' మెరుగు, శ్రుతిలో 'ఎ' మెరుగు అని కార్యదర్శి గారూ పాస్టరు గారూ ఒప్పుకున్నారు. ట్యూనరూ ఒప్పుకుంది. నేను కుర్చీ ఖాళీ చేసి అక్కడే గోడవార నిలబడ్డాను. నర్సమ్మాయి కూర్చుంది. ముందు రోటరీ తీసుకుంది. మెట్టు మెట్టుగా దిగింది. అట్టడుగు స్వరం, నా నోట ఎప్పుడూ కిందికి జారినదే, ఆ పిల్ల ఊదితే దీపస్తంభంలా నిలబడింది. ఇవతలనుంచి మా అమ్మాయి "పర్‌ఫెక్ట్" అంది.

తరవాత పిస్టన్ తీసుకుంది, మా నాన్నది. పై స్వరాలు బాగానే వచ్చాయి. అడుక్కి దిగేసరికి స్వరం పైకి ఎగబాకడం మొదలుపెట్టింది. ఒక్కో మెట్టు దిగుతుంటే ఒక్కో అంగుళం పైకి. చివరి స్వరం ఎంత పైకి పోయిందంటే, పాస్టరు గారు కళ్లు తెరిచేశారు.

"అయ్యో, నేనేమన్నా తప్పు చేశానా ఆంటీ?" అంది ఆ పిల్ల కంగారుగా. "మామూలుగానే ఊదానండి."

"మళ్లీ ఊదు," అన్నాను. మళ్లీ ఊదింది. మళ్లీ అంతే.

కార్యదర్శి గారు దుప్పటి పక్కకు తోసి లోపలికి వచ్చారు. "ఇదేమిటి? మీరు ఊదితే 'ఎ' శ్రుతిలో ఉంది, ఆమె ఊదితే 'బి' శ్రుతిలో ఉంది. ఏ కాలమ్‌లో రాయను నేను?"

మా అమ్మాయి ఫోను పట్టుకుని ఆయన వెనకే వచ్చింది. నావంక చూసి, "మమ్మీ, ఏక్ బార్ ఫిర్ బజావో. నీచేవాలా," అంది.

నాన్న ట్యూబా ఒళ్లోకి తీసుకుని అడుగు స్వరం ఊదాను. సూది నడిమధ్యన నిలిచింది. కాని పిల్ల చూస్తున్నది సూదిని కాదు.

"మమ్మీ! ఆప్‌కా జబ్‌డా!"

"దవడకేమైంది?"

"నీచే జాతా హై. దేఖో." ఫోను కెమెరా నావైపు తిప్పి పట్టుకుంది. మళ్లీ ఊదాను. తెరమీద నా దవడ అంగుళమున్నర కిందికి దిగి, బుగ్గలు జారి, పెళ్లికూతుర్ని సాగనంపుతున్న తల్లిలా ఉన్నాను. నర్సమ్మాయి చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంది.

అప్పుడు గుర్తొచ్చింది. స్టూలు పక్కన నాన్న ఒంగి కూర్చుని, నా గడ్డం కింద రెండు వేళ్లు పెట్టి, "అడుక్కి వెళ్లేటప్పుడు ఇది దించు తల్లీ. ఇంకాస్త. ఇది పొగరుబోతుది, పైకి పోతుంది. నువ్వే కిందికి లాగాలి" అనేవాడు. రోజూ అదే. కొన్నాళ్లకు వేళ్లు తీసేశాడు, దవడ మాత్రం దిగుతూనే ఉంది. నడవడం ఎలాగో ఆలోచించనట్టే నేను దాని గురించి మళ్లీ ఎప్పుడూ ఆలోచించలేదు. అదే దవడతో రోటరీ ఊదాను. లోపం లేని వాద్యాన్ని కూడా పట్టుకుని కిందికి లాగాను. పైగా అది శ్రుతి తప్పిందని సంతోషించాను.

ఇదంతా కార్యదర్శి గారికి చెప్పాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని నా దవడను కాసేపు పరిశీలించారు, ఇన్‌స్పెక్షనుకు వచ్చినవాళ్లు పగిలిన గోడను చూసినట్టు.

"అయితే ఇన్నేళ్లూ శ్రుతిలో ఉన్నది వాద్యం కాదు," అన్నారు. "మీరు."

"నేను కాదండి. మా నాన్న వేళ్లు."

పాస్టరు గారు రజాయిని సర్దారు, దానికి సర్దవలసిన అవసరమేమీ లేకపోయినా.

ఇక ఫలితం దాచడానికి ఏమీ లేదు. "ఎవరు ఊదినా శ్రుతిలో ఉండేది, త్వరగా పలికేది మెరుగైన వాద్యం అంకుల్," అన్నాను. "రోటరీ ఇక్కడ ఉండాలి. ఈ పిల్ల ఊదుతుంది." చెప్పగలిగాను గాని, ట్యూబా మీదినుంచి చెయ్యి తియ్యలేకపోయాను.

ఆయన రాయబోయి ఆగారు. "న్యాయమే. మరి ఫరీదాబాదుకు ఏం పంపుతున్నాం? అక్కడ అందరూ కొత్తవాళ్లు. పొగరుబోతు వాద్యాన్ని వాళ్ల నెత్తిన పెట్టడమా? దవడ లేకుండా ఇది ఎవరికీ పనికిరాదు."

"దవడతో సహా పంపండి," అన్నాను.

ఎలా అన్నానో నాకే తెలియదు. 'ఆమేన్' లాగే నోటినుంచి వచ్చేసింది. కాని ఈసారి అన్నాక కూడా భయం వెయ్యలేదు. "వాళ్ల ఆరాధన పొద్దున, మనది మధ్యాహ్నం. పొద్దున వెళ్లి ఊది, మధ్యాహ్నానికి వచ్చేస్తాను. అక్కడ ఎవరికైనా దించడం నేర్పుతాను."

కార్యదర్శి గారి ముఖం వెలిగింది. నలభై ఏళ్ల సర్వీసులో ఆయనకు బదిలీ అంత ఇష్టమైనది ఇంకొకటి లేదనుకుంటాను. "పోస్టుతో సహా బదిలీ! దానికి పద్ధతి ఉంది," అని అక్కడే నిలబడి రాశారు. ఆ కాగితం నా బైబిల్లో ఇప్పటికీ ఉంది. 'ఎ' వాద్యపు శ్రుతి వాద్యమునకు చెందక ఆపరేటరు దవడకు చెందినదని పరీక్షలో తేలినందున, సదరు వాద్యమును సదరు దవడతో సహా ఫరీదాబాదుకు బదిలీ చేయడమైనది. రజాయి కూడా వెంట వెళ్లును.

రజాయి కూడా వెళ్లింది. మెట్రోలో ట్యూబాను తీసుకెళ్లనివ్వరు కాబట్టి అది ఫరీదాబాదులో ఒక ఆంటీ వాళ్లింట్లోనే ఉంటుంది. ఆవిడే నా మొదటి శిష్యురాలు, నాకన్నా రెండేళ్లు పెద్ద. గడ్డం కింద రెండు వేళ్లు పెట్టి "దించండి ఆంటీ, ఇంకాస్త" అంటుంటాను. ఇంట్లో సాధన చేస్తుంటే చూసి ఆవిడ అత్తగారు, "కోడల్ని ఏమన్నావురా?" అని కొడుకుతో రెండు రోజులు మాట్లాడలేదట. నా మంచం పక్కన చోటు ఖాళీగా ఉంటుంది. మా ఆయన అక్కడ ఒక కుర్చీ వేశాడు. దానిమీద ఎవరూ కూర్చోరు.

బదిలీ అయిన మొదటి ఆదివారం మధ్యాహ్నం మా హాలుకు వచ్చేసరికి ఆరాధన మొదలైపోయింది. బ్యాండు వైపు అలవాటుగా రెండు అడుగులు వేసి, వెనక్కి తిరిగి, జనం మధ్యలో కూర్చున్నాను. పద్దెనిమిదేళ్లలో ఆ పాటల్ని ముందువైపునుంచి వినడం అదే మొదటిసారి. రోటరీ వెనకాల నర్సమ్మాయి చేతులు మాత్రమే కనబడుతున్నాయి. మా అమ్మాయి నడవలో మోకాళ్ల మీద కూర్చుని, ఆ ముసలావిడ కోసం వీడియో తీస్తోంది. పాట అడుక్కి దిగింది. ఆ స్వరం కుర్చీ కాళ్లలోంచి నా కాళ్లలోకి వచ్చింది. ట్యూబా అంటే ఇలా వినబడుతుందని నాకు ఇంతవరకూ తెలియదు. నేనెప్పుడూ దాని వెనకే ఉన్నాను.

వింటుంటే నా దవడ దానంతటదే దిగడం మొదలుపెట్టింది. పక్కనున్న ఆవిడ నావైపు చూసి, జాలిగా నా చేతిలో కర్చీఫు పెట్టింది.

అలవాటండీ, ఏడుపు కాదు అని చెప్పబోయాను. మళ్లీ ఎందుకులే అని థాంక్స్ చెప్పి తీసుకున్నాను. పనికొచ్చింది.